ఆఖరి పంటు

పీచు మిల్లు ఏసుపాదం
పదకొండు రోజులుగా ముట్టలేదన్నాడు.
వాసన వేరే మాట చెప్పింది.
తిట్టలేదు. నమ్మినట్టు నటించనూ లేదు.
"ఇవాళ ఒకటి అనుకుందాం" అన్నాను.

గుమ్మంలో వాళ్ళావిడ, చేతిలో చక్రకేళీ అత్తం.
"లోపల ఏం చెప్పాడమ్మా?"
పండూ పుచ్చుకోలేదు, మాటా పొక్కనీలేదు.

సుగుణమ్మ గారు నా నోట్సు మూసి
"అన్నం తిన్నావా?" అన్నారు.
క్యారేజీ విప్పించి ఎదురుగా కూర్చున్నారు.
చల్లారిన పప్పులో చెయ్యి పెట్టి
అప్పుడు చెప్పాను,
మా నాన్న చొక్కాదీ అదే వాసనని.
"అది అతని ఫైల్లో కాదు,
నీ పుస్తకంలో రాయి. శుక్రవారం మాట్లాడుకుందాం."

కోటిపల్లి రేవు. ఆఖరి పంటు.
బైకులు, ఒక గేదె, నేను.
ఎవరో గట్టు మీంచి పరిగెత్తుకొస్తుంటే
సరంగు తలలు లెక్కపెట్టి గొలుసు వేశాడు,
అటు తిరిగి కేకేశాడు:
"పొద్దున ఆరింటికి మళ్ళీ ఇక్కడే ఉంటా!"