అతుకు

ముప్పై ఒకటో రోజు.
నల్లగొండ, గడియారం సెంటర్ వెనుక దవాఖాన, మూడో అంతస్తు.
కర్నాటి భిక్షపతి ఊపిరి
మంచం పక్కన డబ్బాలో ఉంది,
అరచేతికంటే కొంచెం పెద్దది.

పొద్దున టార్చి వేసి చూసిన.
పొర మూలన నల్లని పోగులు,
నిన్న మూడు, ఇయ్యాల లెక్క తప్పినయి.
తిరిగొచ్చే నెత్తురు ఎరుపు మసకబారింది,
రంగు నిలవని చీర మొదటి ఉతుకుకు తేలిపోయినట్టు.

నఫీసా మేడం అడిగింది, "మారుద్దామా?"
మారిస్తే భయం. మార్చకపోతే
ఒక గడ్డ తెగి ఎటు పోతదో తెలవని భయం.
నిన్నటి సంది రెండిటినీ తూకమేస్తున్నం,
ముల్లు ఎటూ మొగ్గుతలేదు.

బయట వరండాల అండాలు.
గట్టుప్పల్ నుంచి తెచ్చుకున్న టిఫిను విప్పకుండ
ఒళ్లె పెట్టుకొని అన్నది:
"పాత పడుగు అయిపోతే మేం కొయ్యం సారూ.
కొత్త పోగును పాత పోగుకు పెనేసి, బూడిదద్ది,
ఒక్కొక్కటి, రెండు వేల పైన పోగులు.
మగ్గానికి తెల్వకుండనే కొత్తది లోపలికొస్తది.
మీరు గట్ల చేయరాదా?"

మా దగ్గర ముందు కోయాలె, అమ్మా.
కోసినంకనే అతుకు.
ఈ మాట నేను ఆమెకు చెప్పలె.

కొత్త డబ్బాను సెలైనుతో నింపిన,
పసిబిడ్డకు తేన్పు తెప్పించినట్టు
బుడగలు పోయేదాకా తట్టిన.
నాలుగు క్లాంపులు. కత్తెర.
గొట్టాల మీది బాణం గుర్తులు రెండుసార్లు చదివిన,
మూడోసారి సిస్టర్ రోజమ్మ పైకి చదివింది.
పోయినేడు ఇంకో మంచం కాడ గొట్టం తిరగబడబోయింది,
ఆ సంగతి ఇంట్ల కూడ చెప్పలె.

"కట్టు."
పంపు ఆగింది.
ఇన్ని దినాలు విని విని చెవికి ఆనకుండ పోయిన చప్పుడు
ఆగినప్పుడే వినబడ్డది.

కోసిన. తెర మీద ఎనభై ఆరు.
కొసకు కొస, నడుమ సెలైను ధార, గాలి దూరొద్దు.
డెబ్బై ఒకటి.
రెండో కొస జారింది. గ్లౌజు నిండ నెత్తురు.
యాభై ఎనిమిది.
ఎవరో సెకండ్లు లెక్కపెడుతున్నరు, ఆ గొంతు నాదే.
నలభై తొమ్మిది.
పాతికేండ్లు మగ్గం గుంటల కట్టె తొక్కిన కాలి బొటనవేలు
నీలిమందుల ముంచి తీసినట్టు.

"ఇప్పు."

ఎరుపు వచ్చింది.
ముందు గొట్టంలకు,
చాలాసేపటికి గోర్లలకు.

పాత ఊపిరిని సంచిల వేసి మూతి కడుతుంటే
ఇంకా వెచ్చగుంది.

అండాలుకు చెప్పిన. దండం పెట్టలె, ఏడ్వలె.
"ఇది ఎన్ని దినాలొస్తది?"
"పది. పన్నెండంటే ఎక్కువ."
వేళ్ల కణుపుల మీద ఏదో లెక్కేసుకుంది,
"ఒక చీర" అన్నది,
టిఫిను మూత తీసింది.