చెయ్యి లూజు

నా కొలతల పుస్తకంలో
ఆడవాళ్ల పేజీల్లో ఒక్కదాంట్లోనే
ఇన్ని కొట్టివేతలు.
గొలకోటి మరిడేశ్వరి, అంబాజీపేట.
చెయ్యి లూజు పదకొండు. కొట్టేశాను.
పన్నెండున్నర. కొట్టేశాను.
పధ్నాలుగు వచ్చిన రోజు
టేపు మళ్లీ చుట్టి చూశాను.
"టేపుదేం తప్పులేదు బాజీ, రాసుకో" అంది.

లూజు అనేది మా దర్జీల మాట.
ఆ చేతిలో లూజెక్కడిది?

కాలవలో నానిన కొబ్బరి డొక్కల్ని
ఎనిమిదో ఏట నుంచీ బాది పీచు తీసిన చెయ్యి.
ఆ తర్వాత డాల్డా డబ్బాల్లో సిమెంటు పోసి
మధ్యన సరుగుడు బాదు గుచ్చి
పీచు షెడ్డు వెనకాల
కోడి కూయకముందే ఎత్తేది.
తాలింఖానాలోకి ఆడదాన్ని రానివ్వరు.
కిటికీ మూయాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

రాత్రయితే మిస్ మోనా.
తీర్థాల్లో రికార్డింగ్ డాన్సు,
ట్రాక్టరు తొట్టి మీద బల్లలు,
దగ్గే జనరేటరు.
నేను కుట్టిన ఎర్ర శాటిన్ తొడుగులు
భుజం దాకా, పైన నాడా ముడి.
పాట సగంలో ఒక్కో వేలూ లాగడం మొదలెట్టేది.
చిటికెన వేలికి ఈల.
ఉంగరం వేలికి రూపాయి నోటు.
మధ్యవేలు దగ్గర కావాలనే ఆగేది,
గుడ్డ మళ్లీ ఎక్కించేది,
జనం బల్లలు గుద్దేవాళ్లు.

వాళ్లు కాసుక్కూచున్నది వేరే దానికోసం.
తొడుగు జారాక బయటికొచ్చింది చెయ్యి.
మడిచింది.

పాట ఆగలేదు. ఈలలాగాయి.
ముందు వరసలో ఒకడు నోటు వెనక్కిమ్మన్నాడు.
చివర, లైటు అందని చోట,
మిల్లులో బస్తాలు మోసే ఆడకూలీ ఒకత్తి
తన జబ్బ తనే నొక్కి చూసుకుంది.
నేను చూశాను.
కుట్టు తెగితే వెయ్యడానికి
సూదీ దారంతో స్టేజి పక్కనే ఉండేవాణ్ణి.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు కాకినాడలో కండల పోటీలు.
ఫారం మీద తండ్రి పేరుకి జాగా ఉంది,
బరువుకి ఉంది,
ఆమెకి లేదు.
కప్పులు పంచేసి, దండలేసేసి,
కుర్చీలు మడుస్తుంటే ఎక్కింది.
నంబరివ్వలేదు గనక
తెల్లగుడ్డ మీద సున్నా కుట్టిచ్చాను.

వీపు తిప్పింది.
గట్టు ఎక్కడ తెగుతుందో లాకుల కాడి లస్కరుకి తెలిసినట్టు
ఆ వీపు మీద ఏ కుట్టు ముందు తెగుతుందో నాకు తెలుసు.
తెగింది. ఎవరూ నవ్వలేదు.
జడ్జీల్లో ఒకాయన పెన్ను తీశాడు,
మళ్లీ మూత పెట్టేశాడు.
కుర్చీలు మడిచే కుర్రాడు
మడిచిన కుర్చీ ఒకటి విప్పుకుని కూర్చున్నాడు.

తిరుగుదారిలో కోటిపల్లి రేవు దాటుతూ
ఆరు గుడ్లు వొలుచుకు తింది.
నాకొకటి పెట్టలేదు.
ఏడుస్తావనుకున్నానే అన్నాను.
"ఏడిస్తే ఉప్పు పోద్ది. కండ పట్టేస్తది" అని
పెంకులు గోదాట్లో దులిపింది.

నిన్న వచ్చింది, జాకెట్టు గుడ్డ పట్టుకుని.
డెబ్భై దాటాయి. నా కళ్లజోడు మందం పెరిగింది.
చెయ్యి లూజు పది ముప్పావు.
రాయబోతుంటే టేపు పట్టుకు ఆపింది,
పళ్లు బిగించి మోచెయ్యి మడిచి
"ఇప్పుడు చూడు."

పదకొండు రాశాను.
కుట్టేటప్పుడు లోపలి మడతలో
రెండంగుళాల గుడ్డ వదిలాను.