దునా అంటే దున్న కాదు

సిరోంచ తహసీల్ కచేరీ పక్క సందులో
నా సేతు కేంద్రం.
పేరు సర్కారు పెట్టిందే.
పదకొండేండ్ల నుంచి కుల దాఖలాలు, సాత్‌బారాలు,
పోయినోళ్ల పేర్లు రేషన్ కార్డులోంచి తీసెయ్యమనే అర్జీలు
మరాఠీల టైపు చేసి, తెలుగుల చదివి వినిపించి
ఇరవై రూపాయలు తీసుకుంట.
ఇయ్యాల కరెంటు ఉన్నంతసేపు
నా ఫారం నేనే నింపుకుంటున్న.

ఎక్కడికే? అన్నడు సడువలి మామ
గడప దగ్గర చెప్పులు విడుస్తూ.
బుడాపెస్ట్.
అదేం ఊరు?
ఒక్క ఊరు కాదు మామా, రెండూళ్లు.
ఇటు బుడా, అటు పెస్ట్, నడుమ నది.
ఆ నదిని వాళ్లు దునా అంటరు.
దున్ననా! అని పడిపడి నవ్విండు.

వరసకే మామ.
నలభై ఏండ్లు గోదారిల పడవ నడిపిండు
ఈ ఒడ్డు నుంచి కాళేశ్వరం ఒడ్డుకు.
కోళ్లగంపలు, పెండ్లోళ్లు,
ఓసారి ఓ మోటారుసైకిలు,
దాని మీద దిగకుండ కూసున్న దాని ఓనరు.
వంతెన తెరిచిన నాడు
నడిచి అటు పోయి, చాయ్ తాగి,
నడిచి ఇటొచ్చిండు.
పడవ ఇప్పుడు పెరట్ల బోర్లా ఉంది.
దాని కింద కట్టెలు తడవవు.

అన్నూళ్లుండంగ అదే ఎందుకని అడిగిండు.
ఒకటి, మిరపకాయ.
అక్కడి బజార్ల ఎండుమిర్చి దండలు
తోరణాల లెక్క వేలాడదీస్తరట.
చాలామటుకు కారం ఉండదట, రంగేనట.
కారంలేని మిరపకాయకు గంత దూరమా, అన్నడు.
రెండు, గుట్ట మీద దుర్గం.
నా ఇంటిపేరు దుర్గం,
మా ఇంటికి ప్రహరీగోడ కూడ లేదు.
మూడోది మామకు చెప్పలే.

వంతెన లేని కాలంల
ఆ నది నిండ మంచుగడ్డలు కొట్టుకొస్తుంటే
తండ్రి చావుకు పోవాల్సినోడొకడు
వారం దినాలు ఒడ్డునే ఆగిండట.
అది చదివిన రాత్రి
స్క్రీన్ మీద నాకు కనబడింది మా అమ్మ.
అటు ఒడ్డున అమ్మమ్మ పోయిన శ్రావణం,
చెట్లకు చెట్లే కొట్టుకుపోతున్న నీళ్లు,
పడవ తాడు విప్పని మామ,
ఆయన కాళ్ల కాడ కూలబడ్డ అమ్మ.
మూడోనాడు పొగ మాత్రం దాటొచ్చింది.
ఆయన చేసింది తప్పని ఊర్ల ఎవ్వరూ అనలే.
అమ్మ మాత్రం పోయేదాక
ఆయన పడవ ఎక్కలే.

ప్రయాణం దేనికని అడుగుతది ఫారం.
వ్యాపారం, చదువు, వైద్యం, విహారం.
విహారం మీద నొక్కిన.
ఆధార్ల లచ్చుబాయి, బడి దాఖలాల లచ్చక్క,
మొదలు ఇద్దర్ని ఒక్కటి చెయ్యాలె.
మంచిర్యాలల రైలు, ముంబైల వేలిముద్రలు.
ఫిబ్రవరిల తేదీ ఉందంటది, అప్పుడు మిర్చి ఏరుడు.
మార్చిల కల్లం.
క్వింటాకు ఇంకో రెండు వేలు పెరిగితే విమానం,
పెరగకుంటే ఎప్పటిలెక్క
సాయంత్రం మన వంతెన నడుమదాక పోయి
జాలీ పట్టుకొని నిలబడి వచ్చుడే.

మామ చాలాసేపు ఆ బొమ్మ దిక్కే చూసిండు.
ఇనుపగొలుసులు, రాతిసింహాలు, కింద నీళ్లు.
వంతెన రాకముందు అక్కడ పడవోళ్లుండిరా?
ఉండిరి మామా.
మరి వచ్చినంక ఏం చేసిర్రట?
కిందికి జరిపి చూసిన, ఇంకా కిందికి.
రాయలేదు.

సరే, నా పింఛను సంగతి చూడు, అన్నడు.
నెలనెలా ఇదే తిప్పలు.
తెడ్డు అరగదీసిన బొటనవేలును
మిషను గుర్తుపట్టది.
గుడ్డతోని తుడిచి మళ్ల పెట్టిచ్చిన.
ఎర్రలైటు.
ఇంకొంచెం నొక్కు మామా.
ఇంకొంచెం.