నాలుగువందల పదిహేడు

దీపాల గది ఇప్పుడు కాఫీ కొట్టు.
టోపీదీపాలు వరసగా పెట్టిన అరల్లో
కేకులు, జామ్ సీసాలు.
కాఫీ చెప్పగానే నెస్టా ఒక ఇత్తడి బిళ్ల చేతికిస్తుంది,
నంబరు పిలిచినప్పుడు తిరిగిచ్చెయ్యాలి.

కుమ్‌హెలిగ్‌లో వాన కబురు పెట్టి రాదు.
బొగ్గుగుట్ట మీద గడ్డి లేచింది.
ఆదివారాలు కార్డిఫ్ కుర్రాళ్లు సైకిళ్ల మీద దాన్ని జారి
బురద మాకొదిలేసి పోతారు.
మూసేసిన బావిలో నిండిన నీళ్లు
గోరువెచ్చగా పైకొచ్చి బడిగదుల్ని కాస్తున్నాయి.
"పోనీలే, ఇన్నాళ్లకి
మనిషిని అడక్కుండా వేడి ఇస్తోంది"
అంటాడు ఇద్వల్.

ఎనభై ఒకటి అతనికి.
అతని కన్నా ముందు అతని దగ్గు లోపలికొస్తుంది.
ఇవాళ నంబరు మూడుసార్లు పిలిచారు,
కౌంటరు మీద కాఫీ మీగడ కట్టింది.
ఇద్వల్ లేవలేదు.
బొటనవేలితో అంకెల్ని తడుముతున్నాడు,
చీకట్లో చదవడం నేర్చిన వేలు.

ఒక్కో నంబరుకి రెండు బిళ్లలుండేవి,
ఒకటి గదికి, ఒకటి మనిషికి.
దీని జత మోస్టిన్ జేబులో ఉంది.
మోస్టిన్ ఎక్కడున్నాడో
ఆ బడిపిల్లల కాళ్లకింద వెచ్చదనానికి తెలుసేమో.

కొట్టు కట్టేవేళ నెస్టా లెక్క చూసింది.
ఒకటి తక్కువ.
కిటికీలోంచి బస్టాపు కనిపిస్తోంది,
కోటు జేబు మీద చెయ్యి తియ్యకుండా
వానలో ఒక ముసలాయన.
పిలవబోయింది.
"రేపు తెస్తాడులే" అనుకుని
కొక్కేన్ని అలాగే వదిలేసింది.