రెండు గళ్ల పుస్తకం

వాన పడ్డ ఇరవయ్యో రోజు
ఇబ్రి దాటినంక వాదిల కారు ఆపమన్నది మౌజా మేడం.
నాది డ్రైవర్ కొలువే. అయినా తాడు పట్టాలె,
నాలుగు మేకులు కొట్టాలె,
ఆమె వంగి చూసి చెప్తే రాయాలె.
పుస్తకంల రెండే గళ్లు:
ఈడిది. వచ్చింది.

నేలను కరుచుకొని పసుపు పువ్వు.
ఆమె లాటిన్ల ఏదో అన్నది, నేను నేల తంగేడన్న.
ఈడిదే.
పల్లేరు, ఈడిదే.
మేక గూడ మూతి పెట్టని చేదుపుచ్చ, ఈడిదే.
జిల్లేడు తుంచితే కారింది
చిన్నప్పుడు కండ్లల్ల పడొద్దని భయపడ్డ పాలే.
రాసుకుంట పోతున్న, లోపల ఏదో కుదుటపడుతున్నది.

గట్టు మీద రెండు చెట్లు, దూరంకెల్లి అక్కచెల్లెండ్లు.
ఆమె కొమ్మ వంచి చూపెట్టింది:
ముండ్లు కొమ్మ పొడుగూ చెదిరి ఉంటే గాఫ్,
కణుపు కాడ జంటగ ఉంటే రెండోది.
గాఫ్ అంటే మా జమ్మి!
ఆకు తెంపి ఆమె చేతిల పెట్టి "బంగారం" అన్న.
అర్థం కాలే. అయినా పుస్తకంల దాచింది.
రెండోది సర్కారు తుమ్మ.
మాకాడ దాని ఇంటిపేరే సర్కారు,
ఈడ దాన్ని పీకెతందుకు సర్కారు మనుషుల్ని పెట్టింది.

పొద్దు వంగినంక, ఖర్జూరం తోట పక్కన
ఫలజ్ కాలువ చెమ్మల, సన్న కాడ మీద తల ఊపుకుంట
గడ్డిచామంతి.
"ఇది మాది మేడం," అన్న, అడగకముందే.
పలక నల్లగ కావాలంటే దీని ఆకే రుద్దేది.
ఇటుకబట్టీ కాడ మోకాలు చీరుకపోతే
మా చిన్నమ్మ అరచేతుల నలిపి పసరు పిండింది,
ఊదుకుంట, తిట్టుకుంట.

ఆమె కళ్లద్దాలు పైకి జరిపింది.
"మాది కాదు. మీది గూడ కాదు.
మెక్సికో దిక్కుది."

పెన్ను చేతిలనే ఉన్నది, ఎంతసేపో.
రక్తం ఆపిన ఆకు పరాయిదని
మోకాలికి ఎవలు చెప్పాలె?
రెండో గడిల రాసిన, తెలుగులనే.
ఆమె చూసింది. దిద్దలే.

మర్లి వచ్చేటప్పుడు పెట్రోలు బంకు కాడ చెప్పు తీస్తే
అడుగున మూడు పల్లేరుకాయలు.
గోటితోని పీకి అవతలికి ఇసిరేసిన.
ఇసిరినంక యాదికొచ్చింది,
వాది దాటి యాభై కిలోమీటర్లు వచ్చినమని.