కనుబొమల మధ్య

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"
రిమ్స్‌లో డాక్టరమ్మ కలం ఆపి అడిగింది.
నేను ఆవిడ బొట్టుకేసి చూశాను.

మా నాన్న తవిటయ్య,
మందస దారిలో రైల్వే గేటు.
"ఎప్పుడొచ్చినావు మావా?" అంటే
"గూడ్సు ఎల్లిన నాలుగు నిమిషాలకి" అనేవాడు.
పెళ్ళికి పిలిస్తే
పందిరి గుంజలు లెక్కపెట్టి వచ్చేసేవాడు.
ఒంటరి గేటే మనిషిని అలా చేసేసిందని ఊరు.
"అలాటోడు కాబట్టే గేటుకాడ నెగ్గుకొచ్చినాడు,
నా కడుపులోనే గోడకేసి తొంగున్నాడు" అని మా మామ్మ.
ఎవరి మాటకి గేటు ఎత్తాలో
నాకిప్పటికీ తెలీదు.

నా సంగతి ఎవరూ అడగలేదు.
కాశీబుగ్గ జీడిపిక్కల బట్టీలో
పదిహేనో ఏట నేర్చుకున్నాను:
మాటాడేవాళ్ళ కళ్ళలోకి కాదు, బొట్టుకేసి చూడాలి.
మూడు లెక్కపెట్టి తల ఊపాలి.
అందరూ నవ్వాక నవ్వాలి.
ఒకసారి మేస్త్రీ చావు కబురు చెబుతుంటే
ఆపడం తెలీక తిట్లు తిన్నాను.
సాయంత్రానికి కళ్ళు మండేవి,
బట్టీ పొగకి అనుకునేది అమ్మ.

అమ్మ వేళ్ళు నల్లగా ఉండేవి.
అమ్మలందరూ అలాగే పుడతారనుకున్నాను
జీడి నా వేళ్ళు కాల్చేదాకా.
పిక్కకి జీడి పుట్టుకతోనే.
చేతికి నలుపు?

"జన్యువులు కావచ్చు, బతకడానికి నేర్చుకున్నదీ కావచ్చు,
విడదీసి చెప్పడం కష్టం" అంది డాక్టరమ్మ.
విడదీయడమే కదమ్మా నా కూలి.
గుండు ఓ పక్క, బద్ద ఓ పక్క, ముక్క ఇంకో పక్క.
పొట్టు అంటుకుపోయిన పప్పు మాత్రం
గీకితే విరిగిపోద్ది.

మా లోహిత్‌కి ఆరేళ్ళు.
మొన్న తలంటుకుని బొట్టు పెట్టుకోలేదు నేను.
ముద్ద చేతిలో అలాగే పట్టుకుని
వాడు నా నుదురంతా వెతికాడు,
దిగాల్సిన స్టేషను దాటిపోయినట్టు కంగారు.
పెదాలు కదిలాయి: ఒకటి, రెండు, మూడు.
తల ఊపాడు.

నేను నేర్పలేదు.
ఎన్నడూ పైకి లెక్కపెట్టలేదు.
రక్తంలో కలిపి ఇచ్చానో,
రోజూ ఎదురుగా కూర్చుని
అన్నంతో పాటు తినిపించానో.

డాక్టరమ్మ కలం ఇంకా గాలిలోనే ఉంది.
"ఉందండి" అన్నాను.
"ఎవరికి?"

మూడు లెక్కపెట్టాను.
తల మాత్రం ఊపలేదు.