నలుపు ఒక్కటే

అసెంబ్లీ ఎన్నికలప్పుడు
నెల్లాళ్ళ పాటు నా అన్నంలో రంగు వాసన.
గోళ్ళ సందున ఏ పార్టీ దిగబడితే ఆ పార్టీ
ముద్దతో పాటు కడుపులోకి పోయేది.

పంచాయతీకి అలా కాదు.
పార్టీల్లేవు, జెండాల్లేవు అని
మైకు పెట్టి మరీ చెప్పారు.
సున్నం మీద నలుపు. అంతే.
అరలీటరు డబ్బాతో ఊరు మొత్తం అయిపోతుంది.

మా ఆరో వార్డంటే
చంపావతి గట్టు దిగాక
బోరింగు దగ్గర్నుంచి కళ్ళాల దాకా రెండు వరసల ఇళ్ళు.
దాలమ్మకి పోస్టు డబ్బా వచ్చింది.
తవిటినాయుడికి నెక్ టై.
"ఏటిదిరా లింగం, మెడకి పలుపా?"
పోటీ చేసే మనిషే నన్నడిగాడు.
కాన్వెంటు బండెక్కుతున్న గుంటడొకణ్ణి ఆపి
వాడి మెడకేసి చూస్తూ గీశాను.
ముడి దగ్గర రెండుసార్లు తప్పింది.
బండివాడు హారను కొట్టాడు.

"నోరు కాస్త పెద్దది పెట్టు నాయినా" అంది దాలమ్మ.
"వార్డు కష్టాలన్నీ అందులో పడాలేటి?"
"పడితే మాత్రం నాను సదవగల్నా?"
వేలిముద్ర మనిషి. పడీ పడీ నవ్వింది.
నోరు పెద్దదే పెట్టాను.

జెండాల్లేవన్నారు గదా,
పొద్దు గూకితే కిళ్ళీబడ్డీ దగ్గర
భుజాల మీది తువ్వాళ్ళే అన్నీ చెప్పేసేవి.
తవిటినాయుడి ఇంటిముందు ఓ రాత్రి కారాగింది,
అద్దం దించలేదు.
మర్నాడు దాలమ్మ వాకిట్లో ఇంకో కారు.
కుక్కలు రెండింటినీ ఒక్కలాగే మొరిగాయి.
చట్టం చెప్పింది ఊళ్ళో వాటికే అర్థమైనట్టుంది,
వాటికీ, బోరింగు దగ్గరి బురదకీ.
అది ఎవరి తువ్వాలూ చూడకుండా
అందరి కాళ్ళకీ అంటింది.

పోలింగు నాడు నేను ఊళ్ళో లేను.
గజపతినగరం అవతల రెండో విడత ఊళ్ళు,
పద్దెనిమిది గోడలు, రోజుకి ఎనిమిది వందలు.
నిచ్చెన మీదుండగా ఫోను.
"అరవైరెండు, అరవైరెండు" అంది గున్నమ్మ.
మళ్ళీ లెక్కపెట్టారట. మళ్ళీ అంతేనట.
స్టీలు చెంబులో రెండు చీటీలు వేసి
ఎలక్షనాఫీసరు బడిపిల్లనొకర్తెని పిలిచాడు.
"ఉండు, ఉండు, సెయ్యెడతంది" అంటోంది గున్నమ్మ.
నా కాలికింద మెట్టు కదిలింది.
మెట్టు కదల్లేదు, కాలే.
మా ఇంట్లో అద్దం వెనక
మడత విప్పని ఓటరు స్లిప్పొకటి ఉంది.

టై అయ్యి టైయే గెలిచిందని
కుర్రాళ్ళు వారం రోజులు నవ్వుకున్నారు.

తవిటినాయుడు ఎదురుపడి అడిగాడు,
"నువ్వుంటే ఎవుర్కి గుద్దేవోడివిరా?"
"పార్టీల్లేవు గదా బావూ" అన్నాను.
నోట్లో మాట అది కాదు.
దాలమ్మ ఏమీ అడగలేదు.
గోడల బాకీ మూడొందలు చేతిలో పెట్టింది.
లెక్కపెడితే పాతిక ఎక్కువుంది.
తిరిగివ్వబోతే
"ఉంచు, రంగుకి" అంది.

ఉగాది కాకముందే తవిటినాయుడు
బోరింగు దగ్గర గ్రావెలు తోలించాడు, ఒక్క ట్రాక్టరు.
అది దాలమ్మ గుమ్మం దాటి
ఓ బారెడు అవతలికే వచ్చింది.
మొహమాటానికో, లెక్క తప్పో,
నేనడగలేదు.

గోడలు తుడవమని నోటీసిచ్చారు.
టైలన్నీ ఒక్క పూతకే పోయాయి.
మా గోడ మీది పోస్టు డబ్బాకి రెండు పూతలు పడ్డాయి.
మొన్న వానకి సున్నం కరిగి
డబ్బా తేలలేదు గానీ నోరు తేలింది.
బడి వదిలిన గుంటలు అందులో వేళ్ళు పెట్టబోయి
గోడకి గుద్దుకుని ఏడుస్తున్నారు.

మూడో పూత వెయ్యాలి.
సున్నం నానబెట్టి నాలుగు రోజులైంది.